సగం ధరకి కొన్న కారు పూర్తి ధరకి చెడుతుంది

పొద్దున లేవగానే, మొహం కూడా కడుక్కోకుండా, కిటికీ దగ్గరికెళ్లి కారు వైపు చూడటం నాకు మూడేళ్లుగా అలవాటైపోయింది. మురిసిపోవడానికేం కాదు. నాలుగు చక్రాల మీదా సమానంగా నిలబడి ఉందా, లేక ముందు ఎడమ కాలు మడిచిన ఒంటెలాగా ఒక పక్కకి కూలబడిందా అని చూసుకుంటాను. నిలబడి ఉంటే ఆ రోజు ఆఫీసుకి కార్లో వెళ్తాను. కూలబడితే మెకానిక్‌కి ఫోన్. ఆయన నా నంబరు చూడగానే నమస్తే చెప్పడం మానేసి నేరుగా "ఏ వైపు సార్?" అని మొదలుపెట్టడం ఎప్పటి నుంచో నాకు గుర్తు కూడా లేదు.

నా దగ్గరున్నది సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎస్‌యూవీ. ఏ కంపెనీదో చెప్పను. చెబితే ఆ కంపెనీ అభిమానులు ఒకవైపు, పోటీ కంపెనీ అభిమానులు ఇంకోవైపు చేరతారు, అసలు విషయం గాలికి పోతుంది. పైగా ఇది ఏ ఒక్క కంపెనీ గొడవా కాదు. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్, ఎయిర్ సస్పెన్షన్, నెత్తి మీద ముందు నుంచి వెనకదాకా అద్దం, రెండు టన్నులకి పైగా బరువు. నేను కొనేనాటికి దాని వయసు ఆరేళ్లు. కొత్తదాని ధరలో సగం, నిజానికి సగానికి ఇంకాస్త తక్కువే పెట్టాను. ఆ డబ్బుకి ఓ మామూలు కొత్త కారు వచ్చేది, వారంటీతో సహా. కానీ ఓసారి ఆ సీట్లో కూర్చుని, ఆ తలుపు "టప్" అని మెత్తగా మూసుకోవడం విన్నాక కొత్త చిన్న కారు గురించి ఆలోచించే స్థితిలో నేను లేను.

అమ్మినాయన పెద్దమనిషి. లావుపాటి ఫైలొకటి తెచ్చి నా ముందు పెట్టాడు. ప్రతి బిల్లూ తేదీల వరసలో ఉంది. ఆ ఫైలు లావు చూసి "ఎంత శ్రద్ధగా చూసుకున్నాడో" అనుకుని పొంగిపోయాను. తెరిచి చదివి ఉంటే "ఎన్నిసార్లు చెడిందో" అన్న సంగతి తెలిసేది. అర్జెంటుగా టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లాలన్న తొందరలో ఫైలు తెరవలేదు.

ఇలాంటి కారు ఐదారేళ్లకి సగం ధరకి వచ్చేస్తుంటే దాన్ని మనం తగ్గింపు అనుకుంటాం. మొదటి ఓనరు నష్టపోయాడు, మనం లాభపడ్డాం అని లెక్క. నేను చెప్పేదేంటంటే, ఆ తగ్గిన సగం ఎక్కడికీ పోలేదు. అది రాబోయే ఏళ్లలో మనం కట్టబోయే రిపేరు బిల్లు. మార్కెట్ దాన్ని ముందే లెక్కేసి ధరలోంచి తీసేసింది, అంతే. కారు పాతబడితే కారు ధర తగ్గుతుంది కానీ దాని స్పేర్ పార్టు ధర తగ్గదు, గంటకింత అని తీసుకునే లేబరూ తగ్గదు. మనం సగం కారు కొంటాం, పార్టులు మాత్రం కొత్త కారు ఓనరు కొనే ధరకే కొంటాం.

మొదట పోయింది ఎయిర్ సస్పెన్షన్. కొన్న నాలుగో నెలలోనే. మామూలు కార్లలో స్ప్రింగులుండే చోట ఇందులో గాలి నింపిన మందపాటి రబ్బరు సంచులుంటాయి. ఒక కంప్రెసర్ గాలి కొడుతుంది, వాల్వుల పెట్టె ఒకటి ఏ చక్రానికి ఎంత గాలి అని పంచుతుంది, ప్రతి చక్రం దగ్గరా కారు ఎత్తు కొలిచే సెన్సరు ఉంటుంది. గతుకు వచ్చిందని కళ్లకి తెలుస్తుంది, నడుముకి తెలియదు, అంత సుఖం. కానీ ఎంత ఖరీదైనదైనా రబ్బరు రబ్బరే. కారు పైకీ కిందకీ ఊగినప్పుడల్లా ఆ సంచి అంచు ముడుచుకుని విచ్చుకుంటుంది, ఏళ్ల తరబడి అదే మడత మీద, దాంట్లోకి ఇసుకా బురదా చేరుతూ. ఏదో ఒకనాటికి వెంట్రుకంత పగులు వస్తుంది. రాత్రంతా గాలి మెల్లగా పోతుంది, పొద్దున్నే కారు ఒరిగి ఉంటుంది, స్టార్ట్ చేయగానే కంప్రెసర్ గుర్రుమంటూ మళ్లీ లేపుతుంది.

లేస్తోంది కదా అని నేను మూడు వారాలు అలాగే తిప్పాను. ఆ కంప్రెసర్‌ని అప్పుడప్పుడూ కాసేపు పనిచేయడానికి తయారుచేశారు, రోజూ చిల్లు కుండని నింపడానికి కాదు. వేడెక్కి వేడెక్కి అదీ పోయింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నది నేనే, ఒప్పుకుంటాను. కుడి వైపు సంచి, కంప్రెసర్ మార్చిన రోజున మెకానిక్ "ఎడమదీ అదే వయసుది సార్, రెండూ ఒకేసారి వేయించండి" అన్నాడు. ఇంకా బానే ఉంది కదా, దాన్నెందుకు కదిలించడం అన్నాను. ఐదు నెలలు బానే ఉంది.

తర్వాత కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లగా ఉంచే ద్రవం. బోనెట్ దగ్గర ఏదో తియ్యటి వాసన వస్తోందని మొదట కనిపెట్టింది మా ఆవిడ. ఆ వాసన కూలెంట్‌లో ఉండే గ్లైకాల్‌ది, లీకయితే అలాగే వస్తుంది. సిలిండర్ల రెండు వరసల మధ్య లోయలాంటి చోట ఉండే ఓ ప్లాస్టిక్ గొట్టం పగిలింది. ప్లాస్టిక్కేంటి ఇంజిన్ మీద అని మీకు అనిపించొచ్చు, నాకూ అనిపించింది. గాజునార కలిపిన నైలాన్ అది. తేలిక, చవక, ఏ వంపులో కావాలంటే ఆ వంపులో పోత పోయొచ్చు. కొన్నేళ్లు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. వేడెక్కడం, చల్లారడం కొన్ని వేలసార్లు జరిగాక ఎండుపుల్లలా పెళుసుబారుతుంది. నడిరోడ్డు మీద విరిగి కూలెంట్ మొత్తం ఒక్కసారిగా పోయిందనుకోండి, మనం చూసుకోకుండా ఇంకాస్త దూరం నడిపితే అల్యూమినియం సిలిండర్ హెడ్డు వంగిపోతుంది, ఆ తర్వాత మాట్లాడుకోవాల్సింది గొట్టం గురించి కాదు, ఇంజిన్ గురించి.

ఆ గొట్టం నా అరచేతిలో పట్టింది. దాన్ని చేరడానికి రెండు రోజులు విప్పారు. "పని చిన్నదే సార్, అక్కడిదాకా వెళ్లడమే పెద్ద పని" అన్నాడు మెకానిక్. బిల్లులో పార్టు ఖరీదు కంటే లేబర్ ఎనిమిది రెట్లుంది. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారు కదా, ఇక్కడ తవ్వకం కూలితో పాటు ఎలుకకి కూడా డబ్బు కట్టాలి. నా నసీబు బాగుండి ఇంజిన్ వాల్వుల్ని పిస్టన్లతో తాళం తప్పకుండా నడిపే టైమింగ్ చెయిన్ జోలికి ఇంకా పోలేదు. కొన్ని ఇంజిన్లలో ఆ చెయిన్‌ని వెనక, గేర్‌బాక్స్ వైపు పెడతారు, అది పక్కకి జారకుండా పట్టి ఉంచే గైడ్లు అరిగితే ఇంజిన్ మొత్తం బయటికి తీయాల్సి రావచ్చు. కొన్ని ఎస్‌యూవీలకైతే పెద్ద పని పడితే కారు బాడీనే ఛాసిస్ మీద నుంచి పైకి ఎత్తేసి కింద పని చేస్తారు, అలా చేయడమే సులువట.

ఇదంతా ఇంజినీర్లకి తెలియక జరిగిందని నేను అనుకోవడం లేదు. ఫ్యాక్టరీలో ఎంత త్వరగా బిగుస్తుంది, ఆ ఇరుకు బోనెట్ కింద ఎంత పెద్ద ఇంజిన్ పడుతుంది, బరువు ఎంత తగ్గుతుంది అన్న ప్రశ్నలకి వాళ్లు చాలా తెలివైన జవాబులే ఇచ్చారు. పదేళ్ల తర్వాత దాన్ని ఎవడు విప్పుతాడు, వాడి వేళ్లు అక్కడికి ఎలా దూరతాయి అన్నది వాళ్లని ఎవరూ అడగలేదు. వాళ్ల కస్టమరు మొదటి ఓనరు. వారంటీ ఉన్న మూడు నాలుగేళ్లు నడిపి, లేదా లీజు తీరగానే తిరిగిచ్చేసి, ఇంకో కొత్తది తీసుకునే మనిషి. ఆ మనిషికి ఈ కారు నిజంగానే గొప్ప కారు. రెండో ఓనరు, అంటే నేను, ఆ డ్రాయింగులో ఎక్కడా లేను.

గేర్‌బాక్స్ ఆయిల్ కథ చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. మాన్యువల్‌లో "లైఫ్‌టైమ్ ఫ్లూయిడ్, మార్చనక్కర్లేదు" అని ఉంటుంది. చాలా కంపెనీల లగ్జరీ కార్లలో వాడే ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌ని తయారుచేసే జర్మన్ సంస్థ జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకి, ఆయిల్ మార్చమంటుంది. గేర్‌బాక్స్ చేసినవాడు మార్చమంటాడు, దాన్ని కొని కారులో పెట్టినవాడు అక్కర్లేదంటాడు. మరి "లైఫ్‌టైమ్" అంటే ఎవరి లైఫ్‌టైమ్? నేనైతే మార్పించాను. ఆయిల్ ఫిల్టరూ, అడుగున ఉండే ప్లాస్టిక్ పళ్లెమూ కలిసి ఒకటే పార్టు కాబట్టి ఫిల్టర్ కోసం పళ్లెం మొత్తం కొన్నాను.

"మెయింటెనెన్స్ సరిగ్గా చేయిస్తే ఏ కారూ మొరాయించదు" అనేవాళ్లకి నా జవాబు కూడా ఇందులోనే ఉంది. సగం నిజమే ఆ మాట. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు, ఇలాంటి కారు కొని ఆయిల్ దగ్గర కక్కుర్తి పడేవాళ్లని చూశాను, వాళ్లని వెనకేసుకురాను. కానీ సంచి రబ్బరు పగలకుండా ఏ మెయింటెనెన్స్ చేస్తారు? నైలాన్ పెళుసుబారకుండా ఏ ఆయిల్ పోస్తారు? ఇవి నిర్లక్ష్యం వల్ల వచ్చే జబ్బులు కావు, వయసు వల్ల వచ్చేవి. వీటికి మెయింటెనెన్స్ అంటే చెడకముందే కొత్తది వేయించడం, అంటే అదే బిల్లు ఇంకాస్త ముందుగా కట్టడం.

కరెంటు సంగతికొస్తే అదో పెద్ద కథ, నిజానికి డబ్బు కంటే ఎక్కువగా నా బుర్ర తిన్నది ఇదే. ఓ సోమవారం కారు తలుపే తెరుచుకోలేదు, బ్యాటరీ చచ్చిపోయింది. కొత్తది వేయించాను. ఈ కార్లలో బ్యాటరీ మార్చితే సరిపోదు, కొత్తది వేశామని స్కానర్ పెట్టి కారుకి చెప్పాలి కూడా, లేకపోతే అది పాత ముసలి బ్యాటరీ అనుకుని దానికి తగ్గట్టే చార్జ్ చేస్తుంది. వారం తిరిగేసరికి కొత్తదీ చచ్చింది. తాళం వేసి వెళ్లిపోయాక కారులో ఉండే యాభైకి పైగా చిన్న కంప్యూటర్లు ఒక్కొక్కటిగా నిద్రపోవాలి. అన్నీ పడుకుంటే బ్యాటరీ లోంచి 50 మిల్లీ ఆంపియర్ల లోపే కరెంటు పోతుంది, 90 ఆంపియర్ అవర్ల బ్యాటరీ లెక్క ప్రకారం రెండు నెలలు దాటి వస్తుంది. ఒక్కటి పడుకోకుండా మిగతావాటిని కూడా లేపుతూ కూర్చుని ఒక ఆంపియర్ లాగిందనుకోండి, నాలుగు రోజులు కూడా రాదు. పడుకోని ఆ ఒక్కటీ ఏదో పట్టుకోవడానికి మనిషి కారు పక్కన కూర్చుని ఫ్యూజులు ఒక్కొక్కటే కొలుస్తూ పోవాలి. తలుపు తెరిచి చూద్దామంటే తలుపు తెరవగానే అన్నీ లేచి కూర్చుంటాయి.

మూడు రోజులకి దొరికింది. సీటు కింద కార్పెట్ ఎత్తితే నీళ్లు. పైన అద్దం చుట్టూ పడిన వాన నీరు పోవడానికి స్తంభాల లోపల నుంచి సన్నటి గొట్టాలు ఉంటాయి, వాటిలో ఒకటి ఆకులు, మట్టి చేరి పూడుకుపోయింది. నీళ్లు దారి మార్చుకుని లోపలికొచ్చి కార్పెట్ కింద ఉన్న ఓ మాడ్యూల్‌ని, అంటే ఆ చిన్న కంప్యూటర్లలో ఒకదాన్ని, ముంచాయి. అది పాత కార్ల దగ్గర తక్కువకి దొరుకుతుంది కదా అంటే, చాలా మాడ్యూళ్లు ఒక కారు ఛాసిస్ నంబరుతో ముడిపడి ఉంటాయి, ఇంకో కారులో పెడితే పలకవు. కొత్తదే కొనాలి, కొన్నాక కోడింగ్ చేయించాలి.

ఇక్కడ ఓ పిట్టకథ. లగ్జరీ ఎస్‌యూవీలకి మూలపురుషుడు అని చెప్పుకునే రేంజ్ రోవర్ 1970లో మొదటిసారి వచ్చినప్పుడు లోపల వినైల్ సీట్లు, ప్లాస్టిక్ డ్యాష్‌బోర్డు ఉండేవి, పొలం నుంచి బురదతో వచ్చి పైపు పెట్టి లోపలంతా కడిగేసుకోవచ్చు. యాభై ఏళ్లలో ఈ బండ్ల జాతి మొత్తం ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో చూడండి, ఇప్పుడు నాలుగు ఆకులు అడ్డం పడితే చాలు.

ఇన్ని అయ్యాక మనిషికి భయం పడుతుంది. నాకూ పట్టింది. దూరం వెళ్తే ఎక్కడ ఆగిపోతుందోనని ఊళ్లోనే, అదీ ఐదారు కిలోమీటర్లకి మించకుండా నడపడం మొదలుపెట్టాను. కారుని జాగ్రత్తగా చూసుకుంటున్నాననే అనుకున్నాను. డీజిల్ కారుకి అంతకంటే అన్యాయం ఇంకోటి లేదని తర్వాత తెలిసింది. పొగలోని మసిని పట్టుకునే ఫిల్టర్, డీపీఎఫ్ అంటారు, అది నిండినప్పుడల్లా 600 డిగ్రీల దాకా వేడెక్కి ఆ మసిని కాల్చేసుకోవాలి. దానికి కాసేపు హైవే మీద ఆగకుండా పరుగు కావాలి. చిన్న చిన్న దూరాల్లో అది మొదలవుతుంది, పూర్తి కాకుండానే నేను ఇంజిన్ ఆపేస్తాను. ఫిల్టర్ నిండిపోయింది, కాల్చడానికని అదనంగా చల్లిన డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగి ఆయిల్ పల్చబడింది. చెడుతుందేమోనన్న భయమే ఈసారి చెడగొట్టింది. ఈ బిల్లు కట్టేటప్పుడు మాత్రం నవ్వొచ్చింది నాకు.

టైర్లు పంక్చరైన విషయం రాయను, నాలుగు చక్రాలకీ శక్తి వెళ్లే కారులో ఒక టైరు మార్చాల్సొస్తే నాలుగూ మార్చాల్సి రావచ్చు అని మాత్రం గుర్తుపెట్టుకోండి. అరిగిన టైర్ల పక్కన ఒకే ఒక్క కొత్త టైరు వేస్తే చుట్టుకొలతల తేడాకి, ముందు వెనక చక్రాలకి శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ అరుగుతుంది.

సెకండ్ హ్యాండ్ కార్ల గురించి ఆర్థికశాస్త్రంలో ఓ పేరుమోసిన వాదన ఉంది. జార్జ్ అకెర్లాఫ్ అనే అమెరికన్ దాన్ని ప్రచురించింది కూడా 1970లోనే, 2001లో ఆయనకి మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. క్లుప్తంగా, అమ్మేవాడికి కారు లోపాలు తెలుసు, కొనేవాడికి తెలియవు. కాబట్టి కొనేవాడు భయపడి మంచిదానికీ చెడ్డదానికీ మధ్యస్థంగా ఒక ధర చెప్తాడు. ఆ ధరకి మంచి కారున్నవాడు అమ్మడు, మార్కెట్లో చెత్త మిగులుతుంది. చదివితే చక్కగా ఉంది. నా విషయంలో మాత్రం పొసగలేదు. నాకు అమ్మినాయన ఏదీ దాచలేదు. ఫైలు నా ముందే పెట్టాడు. అందులో సస్పెన్షన్ సంచులు రెండు వైపులా ఒకసారి మార్చినట్టు ఉంది, కార్పెట్ ఆరబెట్టిన బిల్లు కూడా ఉంది, నేను ఏడాదిన్నర తర్వాత ఓ ఆదివారం కూర్చుని చదివితే తెలిసింది. తెలియకపోవడం ఒకటి, తెలుసుకోకుండా ఉండటానికి తంటాలు పడటం ఇంకోటి. తలుపు చప్పుడుకే మనసు పారేసుకున్నవాడి ముందు ఎంత సమాచారం పెట్టినా దండగే.

మరి ఎందుకు ఇన్నాళ్లు ఉంచుకున్నావ్ అని అందరూ అడిగేదే. ప్రతి రిపేరు తర్వాతా ఒకటే ఆలోచన, ఇంత పెట్టాం, ఇప్పుడు అమ్మేస్తే పెట్టిందంతా వృథా, ఇక చెడటానికి పెద్దగా ఏం మిగల్లేదు, ఇప్పటి నుంచి హాయిగా తిరగొచ్చు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అమ్మితే కొన్నదాంట్లో మూడో వంతు కూడా రాదు, ఉంచితే ఏడాదికి ఆ మూడో వంతు ఖర్చయ్యేలా ఉంది. నేను ఓ రాత్రి కాగితం మీద ఇప్పటిదాకా ఎంత పెట్టానో కూడుతూ కూర్చుంటే మా ఆవిడ వచ్చి చూసి, "పెట్టింది ఎందుకు కూడుతున్నారు, అదెలాగూ రాదు. పెట్టబోయేది కూడండి" అంది. ఆ కూడిక నేను చేయలేదు. చేయగలిగితే కారే కొనేవాణ్ని కాదు.

ఇంకో నిజం కూడా చెప్పకపోతే అన్యాయం. అన్నీ సరిగ్గా ఉన్న రోజున, అలాంటి రోజులు ఏడాదిలో రెండు వందలైనా ఉంటాయి, రాత్రిపూట ఖాళీ హైవే మీద ఆ కారు నడపడం లాంటి సుఖం నాకు ఇంకే బండిలోనూ దొరకలేదు. వెనక సీట్లో పిల్లలు పడుకుంటే ఊరొచ్చేదాకా లేవరు. ఇంజిన్ ఉందని తెలియదు, వేగం తెలియదు. అలాంటి ఒక్క ప్రయాణం మూడు బిల్లుల్ని మరిపిస్తుంది, మూడు నెలలు మోసం చేస్తుంది. పూర్తిగా చెడ్డదయితే ఎప్పుడో వదిలించుకునేవాణ్ని.

చివరికి గత నెల అమ్మకానికి పెట్టాను. వచ్చేవాళ్లకి అన్నీ చెప్పాలని ముందే అనుకున్నాను. మొదట వచ్చిన ఇద్దరూ విని, చూద్దాం అని వెళ్లిపోయారు. మూడోవాడు కుర్రాడు, ముప్పై కూడా ఉండవు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నేను నా ఫైలు తెచ్చాను, పాత ఓనరు ఫైలుతో కలిపితే ఇప్పుడు రెండు చేతులా పట్టుకోవాల్సినంత ఉంది. కూర్చోబెట్టి సస్పెన్షన్ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే చెప్పాను, గొట్టం, నీళ్లు, మాడ్యూల్, డీపీఎఫ్, ఇంకా పోబోయేవి ఏమిటో నాకు తోచినంత వరకు అవి కూడా. తల ఊపుతున్నాడు కానీ చూపు ఫైలు మీద లేదు. లేచి వెళ్లి డ్రైవర్ తలుపు తెరిచి, మూశాడు. మళ్లీ తెరిచి, మూశాడు.

"ఇవన్నీ మీరు చేయించేశారు కదన్నా," అన్నాడు నవ్వుతూ, "ఇంక చెడటానికి ఏం మిగిలుంటుంది?"

నేను ఫైలు మళ్లీ మొదటి పేజీ నుంచి తిప్పడం మొదలుపెట్టాను. వాడు తాళం అడిగాడు, ఒక రౌండు వేసొస్తానని.